ఎడమ పక్క మనిషి

చిట్టూరి హైమావతి తను బరువు తగ్గిన ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన రోజు సాయంత్రానికల్లా, ఎడమ పక్క ఫోటోలో ఉన్నావిడ చనిపోయినట్టు వార్డు ఆఫీసులో నమోదైపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎడమ పక్కన ఏడాది కిందటి హైమావతి, కుడి పక్కన ఇప్పటి హైమావతి, కింద రెండు తేదీలు. ఫోటోలు అతికించే యాప్ చుట్టూ తెల్ల చామంతుల అంచు ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చిందాన్ని తీసేయడమెందుకని ఆమె ఉంచేసింది. ఆడమనిషి బొమ్మ, కింద రెండు తేదీలు, చుట్టూ పూలు చూసిన నిడదవోలు బాబాయి, కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక ‘ఓం శాంతి’ అని పెట్టారు. పెద్దాయన అంతమాట అన్నాక మిగతావాళ్ళు ఫోటోని పెద్దది చేసి చూడటం మర్యాద కాదు. అందరూ వరసగా దణ్ణాలు పెట్టుకుంటూ పోయారు.

ఆ ఊళ్ళో నియమం పాతదే. గ్రూపులో సగానికి మించి సభ్యులు ఎవరి ఆత్మకైనా శాంతి కోరితే ఆ మనిషి పోయినట్టే లెక్క. డాక్టరు సర్టిఫికెట్టు కన్నా ఇదే గట్టిదని ఆఫీసువారి అనుభవం. డాక్టరు ఒక్కడు, చుట్టాలు బోలెడుమంది. ‘నేను బాగానే ఉన్నాను, ఇది వెయిట్ లాస్ ఫోటో’ అని హైమావతి రెండుసార్లు పెట్టింది. దాని కింద ఎవరో ‘ధైర్యంగా ఉండు తల్లీ’ అని రాశారు.

ఆమె ఎదురుచూసింది వేరే మాట. పాతిక కిలోలు తగ్గింది మరి. తెల్లవారకుండానే లేచి హైస్కూలు గ్రౌండు చుట్టూ తిరిగింది. పెళ్ళిళ్ళలో పక్క విస్తట్లో పూర్ణాలు పడుతుంటే తను కీరా ముక్కలు నమిలింది. ఇన్ని చేశాక, ‘ఏంటే, ఇంత తగ్గావు’ అని నోరారా ఎవరో ఒకరు అంటారని ఏడాదంతా చూసింది. అన్నవాళ్ళెవరూ లేరు. ‘షుగరేమన్నా వచ్చిందా’ అని అడిగినవాళ్ళున్నారు. ‘మొహం పీక్కుపోయింది, ఇక చాలించు’ అన్నవాళ్ళున్నారు. ‘ఈ రంగు చీరలో అలా కనిపిస్తావులే’ అని తేల్చినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో మొగుడు ప్రకాశం సంక్రాంతి ముందు అడిగినా, దసరా తరవాత అడిగినా ‘నీకేం, బాగానే ఉన్నావు’ అన్నాడు. అది అతని మంచితనమని ఆమె అనుకునేది. ఎవరి నోటా రాని మాటని ఫోటోలతో రప్పిద్దామని, రెండూ పక్కపక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పరామర్శలు మొదలయ్యాయి. టెంట్ హౌసు కుర్రాళ్ళు ఎవరూ చెప్పకుండానే వీధిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి వెళ్ళారు. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు క్యారియర్లలో అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర పంపారు. వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, పోయినావిడ గురించి నాలుగు మంచిమాటలు చెప్పుకుని, వెళ్ళొస్తామని చెప్పకుండా లేచిపోయారు. చావింట్లో ఆ మాట అనకూడదు.

హైమావతి పెద్దాడపడుచు సత్యవేణి రాజమండ్రి నుంచి బస్సులో ఏడ్చుకుంటూనే వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

“ఎంత నిండుగా ఉండేదమ్మా. ఈ గుమ్మంలో నించుంటే ఇల్లంతా నిండిపోయినట్టుండేది,” అంది.

ఇదే సత్యవేణి ఇదే గుమ్మంలో, గృహప్రవేశం నాడు, ‘నువ్వు కాస్త పక్కకి జరిగితే లోపలికి గాలొస్తుంది’ అని నలుగురిలో అంది. ఆ రోజు అందరూ నవ్వారు, హైమావతి కూడా నవ్వింది. ఇప్పుడు సత్యవేణి కన్నీళ్ళు నిజంగానే కారుతున్నాయి. హైమావతి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

“వదినా, నేనే. నాకేం కాలేదు.”

సత్యవేణి ఆమె చెయ్యి పట్టుకుని నిమిరింది. “మనసుకి దగ్గరైనవాళ్ళు పోతే అలాగే అనిపిస్తుందమ్మా. మా ఆయన పోయినప్పుడు నాకూ కొన్నాళ్ళు నేనే ఆయన్నని అనిపించేది. నువ్వేమవుతావు దానికి? చెల్లెలివా? పోలికలున్నాయి. కాకపోతే నీకు ఒంట్లో పస లేదు. ఆ వంకాయ కూరేసుకుని రెండు ముద్దలు తిను.”

హైమావతి వంటింట్లోకి పోయి తలుపు వారగా వేసుకుని రాగి జావ తాగింది. కొడుకు హాస్టల్లో ఉంటాడు. గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకున్నాడు కాబట్టి వాడికి ఇంకా తల్లి పోయిన సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా చదువు పాడవుతుందని వాడికి చెప్పకుండా జాగ్రత్తపడ్డారు.

సోమవారం ఆమె ఆఫీసుకి వెళ్ళింది. ఆమె నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటు. గుమ్మం దగ్గర మొహం చూసి హాజరు వేసుకునే యంత్రం ఆమె మొహం చూసింది, కానీ హాజరు వేసుకోలేదు. సూపరింటెండెంట్ కామేశ్వరరావు బయటికి వచ్చి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. ఇంత మర్యాద ఆమెకి ఉద్యోగంలో చేరాక ఎన్నడూ జరగలేదు.

“మేడమ్ పోవడం శాఖకి తీరని లోటమ్మా. మీరు బెంగపడకండి, కారుణ్య నియామకానికి పెట్టుకోండి. మీరు ఆవిడ మీద ఆధారపడ్డవాళ్ళే కదా?”

“ఆవిడ మీదే ఆధారపడ్డానండి,” అంది హైమావతి. అంతకన్నా నిజం ఆమెకి తోచలేదు.

“అదే రాయండి. కాకపోతే జూనియర్ అసిస్టెంటుగా ఇస్తారు. అనుభవం ఆవిడది కదా.”

హాల్లో సంతాపసభ పెట్టారు. హైమావతి కుర్చీకి దండ వేశారు. కిందటేడు కుర్చీ చేతులు విరిగినప్పుడు ఎవరి బరువుకి విరిగాయో అందరూ రెండు వారాలు చర్చించిన కుర్చీ అదే. టైపిస్టు లేచి, మేడమ్ లిఫ్టు ఎక్కితే తామంతా మెట్లెక్కి వెళ్ళేవాళ్ళమని, ఇవాళ తమ మోకాళ్ళు ఇంత గట్టిగా ఉన్నాయంటే ఆవిడ చలవేనని చెప్పి కూర్చున్నాడు. తరవాత రెండు నిమిషాలు మౌనం పాటించారు. హైమావతి కూడా నిలబడింది. అందరూ నిలబడినప్పుడు తను కూర్చుంటే బాగుండదు. సభ ముగిశాక, సెంటర్లో పెద్ద ఫ్లెక్సు కట్టించాలని తీర్మానించి, ఆర్డరు ఆమె మొగుడికే ఇచ్చారు. ఊళ్ళో ఫ్లెక్సులకి ప్రకాశం షాపే పేరున్నది.

ప్రకాశం నెమ్మదస్తుడు. ఎవరినీ ఒక మాట అనడు. వచ్చిన ఆర్డరు కాదనడం అతని ఇంటావంటా లేదు. భోజనాల వేళ ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

“హైమా, ఆవిడది మంచి ఫోటో ఏదన్నా ఉంటే చూడు. నవ్వుతున్నది. భుజాల దాకా పడాలి.”

“మీరు కూడా ఏవిటండీ. నేనిక్కడే ఉన్నాను కదా.”

“అది నాకు తెలుసుగా. ఆఫీసువాళ్ళు అడ్వాన్సు ఇచ్చారు. వెయ్యకపోతే ఏం బాగుంటుంది?”

ఆమె ఫోను తీసి వెతికింది. ఎంత వెనక్కి వెళ్ళినా ఆవిడది ఒక్క నిండు ఫోటో దొరకలేదు. పుట్టినరోజుల్లో కేకు వెనక ఉంది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరి భుజం వెనక ఉంది. తిరుపతిలో పొట్టకి అడ్డంగా హ్యాండుబ్యాగు పట్టుకుని, ఆ బ్యాగు ఫోటోనే తీయమన్నట్టు ఉంది. కొన్నిట్లో చెవి ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళూ ఎవరన్నా ఫోను ఎత్తగానే ఎవరి వెనక్కో తప్పుకోవడం ఆవిడకి అలవాటు. తప్పుకున్నది తనే అని హైమావతికి గుర్తే, కానీ ఇలా ఒకదాని తరవాత ఒకటి చూస్తుంటే ఆ మనిషి మీద జాలేసింది. పూర్తిగా కనిపించే ఫోటో ఒకే ఒక్కటి, గ్రూపులో పెట్టిన ఆ ఎడమ పక్కది. సోఫాలో నైటీతో కూలబడి ఉన్నప్పుడు కొడుకు అడగకుండా తీసింది. తేడా బాగా తెలియాలని ఉన్నవాటిలోకెల్లా ఘోరమైనదాన్ని తనే ఏరి పెట్టింది.

ప్రకాశం దానితోనే పని కానిచ్చాడు. నైటీ తీసేసి పట్టుచీర అతికించాడు. రేగిన జుట్టు సర్ది పూలు పెట్టాడు. దీపాలు, పావురాలు, వెనక కాస్త మేఘాలు వేశాడు. కోడిగుడ్డు ఆకారం చట్రంలో మొహం పట్టలేదు. రెండు బుగ్గల్నీ మౌసుతో లోపలికి నొక్కాడు, గడ్డం పైకి నొక్కాడు, భుజాలు దగ్గరికి తెచ్చాడు. పూర్తయ్యేసరికి అందులో ఉన్నది అచ్చంగా కుడి పక్క ఫోటోలోని హైమావతి.

“ఇది నేను కదండీ,” అందామె.

“చట్రం అంతే హైమా. ఎవరిదైనా అలాగే నొక్కుతాం,” అన్నాడు.

సెంటర్లో ఫ్లెక్సు కట్టారు. ఆమె కూరలకి వెళ్ళినప్పుడు బండి దగ్గర ఇద్దరాడవాళ్ళు దాన్నే చూస్తూ, ‘ఎంత నిండైన మనిషో, చిక్కినవాళ్ళంతా బతికే ఉంటారు, ఇలాంటివాళ్ళే పోతారు’ అని నిట్టూర్చారు. ఆమె బెండకాయలు తీసుకుని, అక్కణ్ణించి నేరుగా వార్డు ఆఫీసుకి నడిచింది. మంచిమాటలు విని విని ప్రాణం విసిగిపోయింది. ఒళ్ళు కరిగించుకున్నది పోవడానికి కాదు కదా అని దారిపొడుగునా అనుకుంది.

జననమరణాల గుమాస్తా శేషగిరి ఆమె చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. ఇలాంటివి ఆఫీసుకి నెలకి కొన్ని వస్తాయి. ఎక్కువగా జనవరిలో జిమ్ముల్లో చేరినవాళ్ళవి. ఉగాదికల్లా వాటంతట అవే సర్దుకుంటాయి, ఎందుకంటే ఎడమ పక్కవాళ్ళు తిరిగొచ్చేస్తారు. ఏడాది దాకా రానివి తక్కువ.

“రద్దు చెయ్యచ్చమ్మా. పెద్దఖర్మ లోపు వచ్చారు కాబట్టి సులువే. తరవాతైతే కలెక్టరు దాకా పోవాలి. మీవారు వచ్చి, రెండు ఫోటోలూ చూసి, తేడా ఏమీ లేదని చెప్తే చాలు.”

“తేడా లేదని చెప్పాలా అండీ?”

“అవునమ్మా. తేడా ఉంటే ఇద్దరు మనుషులు, లేకపోతే ఒక్కరు. నియమం అంతే. ఇద్దరని తేలితే అందులో ఒకరు పోయినట్టు. ఒక్కరే అయితే ఎవరూ పోనట్టు.”

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఎంతపని అనుకుంది. మొగుడు కాస్త అబద్ధమాడితే ఉద్యోగం, ఇల్లు, పేరు అన్నీ వెనక్కి వస్తాయి. మర్నాడు ప్రకాశం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆటోలో ఆమె అతనికి పాఠం చెప్పింది.

“ఒక్క చిన్న అబద్ధమే అండీ. నాకోసం చెప్పండి. రెండూ ఒకేలా ఉన్నాయని.”

“అందులో అబద్ధమేముంది?” అన్నాడు ప్రకాశం.

వేళాకోళమాడుతున్నాడని ఆమె నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

శేషగిరి రెండు ఫోటోల్నీ పెద్దవి చేసి ప్రింటు తీయించి ఉంచాడు. వాటిని బల్ల మీద పరిచి ప్రకాశాన్ని దగ్గరికి రమ్మన్నాడు. ప్రకాశం షాపులో ప్రూఫు చూసినట్టే తల కాస్త వంచి, పైనుంచి కిందికి చూశాడు. తొందరపడలేదు.

“తేడా ఏమన్నా ఉందా అండీ?”

“ఎడం పక్క నైటీ, కుడి పక్క చుడీదార్. ఎడం పక్కది క్లారిటీ తక్కువండి, పాత ఫోన్లో తీసుంటారు.”

“బట్టలు కాదండీ. మనిషిలో.”

“మనిషిలో ఏం లేదండి. మా ఆవిడే.”

“ఒంట్లో గాని, మొహంలో గాని?”

ప్రకాశం ఇంకోసారి చూశాడు. అతని గొంతులో అబద్ధమాడేవాడి తడబాటు ఏమాత్రం లేదు. “లేదండి. నాకెప్పుడూ ఇలాగే కనిపిస్తుంది. ఏడాది కిందటా అంతే, ఇప్పుడూ అంతే. పిసరంత కూడా తేడా లేదు.”

హైమావతి అతని మొహంలోకి చూసింది. అతను నిజమే చెప్తున్నాడు. చీకట్లో గ్రౌండు చుట్టూ తిరిగిన తిరుగుడు, కాళ్ళ పిక్కలు పట్టేస్తే వేన్నీళ్ళు పోసుకున్న పొద్దులు, ఎదురుగా పెట్టుకుని తినకుండా వదిలేసిన పూర్ణాలు, కుట్లు విప్పి మళ్ళీ కుట్టించుకున్న జాకెట్లు, ఏవీ ఈ మనిషి కంట పడలేదు. పోనీ అంతకుముందు ఆ లావుపాటి మనిషైనా కంటపడిందా అంటే, అదీ లేదు. అన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాడు. ఎడమ పక్కావిడనీ చూడలేదు, కుడి పక్కావిడనీ చూడలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. తనకోసం కొంత, ఆవిడకోసం కొంత ఏడ్చింది.

శేషగిరి ముద్రని సిరా డబ్బాలో అద్ది పైకెత్తాడు. “అయితే ఒక్కరే. రద్దు చేసేస్తున్నాను.”

“ఆగండి,” అంది హైమావతి. “తేడా ఉంది.”

“హైమా, ఏవిటిది? పని అయిపోయింది కదా,” అన్నాడు ప్రకాశం అయోమయంగా.

“తేడా ఉందండి. ఆవిడ వేరు, నేను వేరు. పాతిక కిలోలు తేడా.”

శేషగిరి ముద్ర పక్కన పెట్టాడు. విసుక్కోలేదు. టీకాలేసే గదిలోంచి బరువు యంత్రం, ఆమె పాత మెడికల్ రికార్డు తెప్పించి, చెప్పులు విప్పించి, ఆమెని దాని మీద నిలబెట్టాడు. కళ్ళజోడు సవరించుకుని వంగి అంకె చూశాడు. లేచి, రికార్డులోని అంకెతో సరిపోల్చాడు. మరోసారి వంగి చూశాడు. హైమావతి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఏడాదిలో ఆమెని ఇంత శ్రద్ధగా చూసిన మనిషి అతనొక్కడే.

“మీరు చెప్పింది నిజమేనమ్మా. బాగా తగ్గారు,” అన్నాడు. “అంటే ఇద్దరే. ఆవిడ పోయినట్టు ఖాయం చేస్తున్నాను. ఇక వెనక్కి తీసుకోడానికి వీల్లేదు, మళ్ళీ ఆలోచించుకుంటారా?”

“అక్కర్లేదండి.”

“ఆవిడకి మీరేమవుతారని రాయమంటారు?”

“చెల్లెల్ని.”

కాగితం వచ్చింది. దరఖాస్తుదారు, పోయిన వ్యక్తికి పాతిక కిలోల మేరకు భిన్నమైన మనిషి అని అందులో స్పష్టంగా ఉంది. కింద సంతకం, గుండ్రటి ముద్ర. హైమావతి రెండుసార్లు చదువుకుని, మడత నలగకుండా సంచిలో పెట్టుకుంది. ఉద్యోగం జూనియర్‌గా మొదలుపెట్టాలి, ఇంట్లో ఎన్నాళ్ళుంటుందో తెలీదు, కొడుక్కి ఏమని చెప్పాలో అసలే తెలీదు. అయినా ఆ కాగితం ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుంటే ధైర్యంగానే ఉంది.

ప్రకాశం కూడా దాన్ని చదివాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని కాదనడం అతనికి చేతకాదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మొహం తువ్వాల్లో దాచుకుని భోరుమన్నాడు. ఆటో ఎక్కేటప్పుడు, పరాయి ఆడమనిషితో కూర్చునేటప్పుడు ఎవరైనా చేసినట్టే, మధ్యలో జాగా వదిలి ఓ చివరికి సర్దుకుని కూర్చున్నాడు.

“ఊరుకోండి బావగారూ,” అంది హైమావతి. “ఏం చేస్తాం.”

“చాలా మంచి మనిషండి. ఏ రోజూ నోరు తెరిచి ఏదీ అడిగేది కాదు.”

“తెలుసండి.”

కాసేపటికి అతను కళ్ళు తుడుచుకుని, మాట్లాడకుండా ఉంటే బాగుండదన్నట్టు, ఆమె వైపు తిరిగాడు. కొత్తవాళ్ళని చూసినట్టు ఆమె మొహం, మెడ, చేతి గాజులు, మణికట్టు మీద వదులైన వాచీ చూశాడు.

“ఏమీ అనుకోకండి. మా ఆవిడ మీకన్నా బాగా ఒళ్ళుగా ఉండేదండి. మీరు సన్నం.”

“థాంక్సండి,” అంది హైమావతి.

“పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నారా?”

“జావ తాగానండి. రాగి జావ.”

“పంచదార వేసుకుంటారా?”

“లేదండి. మజ్జిగ కలుపుకుంటాను. కాస్త ఉప్పు.”

అతను గుర్తుపెట్టుకుంటున్నట్టు తలూపాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెని ఏం తిన్నావని అతను అడగడం అదే మొదలు. ఇంటి ముందు ఆటో ఆగితే ముందు తను దిగి, ఆమె చేతిలో సంచి అందుకుని, తాళం తీసి లోపలికి వెళ్ళాడు. లైటు వేసి, వెనక్కి తిరిగి, లోపలికి రండని అతను పిలిచేదాకా హైమావతి గుమ్మం బయటే నిలబడింది.